ఈ వారం కూడా ఆరు గుడ్లు రావు

అందరికీ నమస్కారం. మూడు వారాలుగా నేను వారం వారం మీ ఇళ్లకు పంపే పెట్టెల్లో ఆరు గుడ్లకు బదులు నాలుగో ఐదో ఉంటున్నాయి. ఆకుకూర కట్టలైతే అసలే లేవు. అడిగినవాళ్లందరికీ "వచ్చే వారం సర్దేస్తాను" అంటూ వచ్చాను. సర్దలేకపోయాను. ఈ వారం కూడా ఆరు రావు, ఇంకో నెల దాకా రావేమో కూడా. తప్పు కోళ్లది కాదు, నా లెక్కది. అదేమిటో దాచకుండా చెబుతాను.

మా పెరట్లో 26 పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. చలికాలంలో పగలు తగ్గిపోతుంది కాబట్టి గుడ్లూ తగ్గుతాయి. రోజుకు 14 గంటలకు పైగా వెలుతురు ఉంటేనే పెట్ట పూర్తి జోరు మీద పెడుతుంది. వసంతం వచ్చి పగలు పొడవయ్యేసరికి మా గూళ్లు నిండడం మొదలైంది. ఒక వారం రోజుకు 21 గుడ్ల చొప్పున వచ్చాయి. అంటే వారానికి 147. ఇంకేం, ఇరవై నాలుగు ఇళ్లకు ఆరేసి చొప్పున 144 గుడ్లు ఒప్పేసుకున్నాను. చేతిలో మిగిలింది మూడంటే మూడు గుడ్లు. ఇల్లు అలకగానే పండగ కాదని నాకెవరూ చెప్పనక్కర్లేదు, అయినా ఆ వారం ఆ మాట గుర్తుకు రాలేదు.

గుడ్లు పెరిగే కాలంలోనే కోళ్లు పొదుగుకూ వస్తాయి. ప్రోలాక్టిన్ అనే హార్మోన్ పెరిగితే పెట్టకు ఇక గుడ్డు పెట్టాలన్న ధ్యాస పోయి, గుడ్ల మీద కూర్చుని పొదగాలన్న ధ్యాస పట్టుకుంటుంది. రొమ్ము మీది ఈకలు పీక్కుని, ఒళ్లంతా ఉబ్బించుకుని, చెయ్యి పెడితే పొడుస్తుంది. రోజుకోసారి లేచి గబగబా నాలుగు గింజలు తిని, నీళ్లు తాగి, మళ్లీ అక్కడికే. అలాంటివి ఒకే వారంలో నాలుగు తయారయ్యాయి. మూడింటిని అడుగున తీగ వల ఉన్న బోనులో, నేలకు ఎత్తుగా పెట్టాను. కింద నుంచి గాలి తగిలి పొట్ట చల్లబడితే ఆ పట్టు వదులుతుంది. నాలుగు రోజుల్లో వదిలింది కూడా, కానీ మళ్లీ గుడ్డుకు రావడానికి ఇంకా కొన్నాళ్లు పడుతుంది.

నాలుగోది నల్లపెట్ట. దాన్ని మాత్రం లేపలేదు. వ్యాపారం దృష్టితో చూస్తే అది మూర్ఖత్వమే, ఒప్పుకుంటాను. 21 రోజులు పొదుగు, ఆ తర్వాత ఐదారు వారాలు పిల్లల పెంపకం, అంతకాలం దాని దగ్గర్నుంచి ఒక్క గుడ్డు రాదు. కింద తొమ్మిది గుడ్లు పెట్టాను, ఏడు పిల్లలయ్యాయి. "అయితే త్వరలో గుడ్లు పెరుగుతాయిగా" అని ఒకరు సంతోషించారు. పెరగవండీ. ఏడింటిలో సగం పుంజులే అవుతాయి. మిగిలిన పెట్టలు గుడ్డుకు రావడానికి ఐదు నెలలు పడుతుంది. పైగా పెద్దవాటి దాణా పిల్లలకు పెట్టకూడదు. అందులో పెంకు కోసం కలిపిన కాల్షియం పిల్లల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అందుకని ఇప్పుడు రెండు రకాల దాణా, రెండు చోట్ల కాపలా.

ఇంతేనా అంటే ఇంకా ఉంది. పొదుగుకు రాని పెట్టలు 22 ఉన్నా గుడ్లు పదిహేను, పదహారు దాటడం లేదు. ఏదో జబ్బని టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే కంచె పక్క పొద కింద 19 గుడ్ల కుప్ప. గూళ్లు వదిలేసి రెండు మూడు పెట్టలు అక్కడ చాటుగా పెడుతున్నాయి. ఆ గుడ్లు మీకు పంపలేదు. నీళ్లలో వేసి చూడొచ్చు కదా అని ఇంట్లో అన్నారు. గుడ్డు పాతబడేకొద్దీ లోపలి గాలి గది పెద్దదై తేలుతుంది, కాబట్టి ఆ పరీక్షతో వయసు కొంతవరకు తెలుస్తుంది. ఎండలో ఎన్ని గంటలు కాగిందో మాత్రం తెలియదు. పంతొమ్మిదీ ఎరువు కుప్పలోకి వెళ్లాయి. ఎక్కువ పెట్టలు ఉదయం పూటే పెడతాయి కనుక ఇప్పుడు పదకొండు దాకా షెడ్డు తలుపు తీయడం లేదు. వాటికి నామీద బాగా కోపంగా ఉంది.

ఇక ఆకుకూరల సంగతి. ఇది చెప్పడానికే నాకు సిగ్గుగా ఉంది. కోడి ఎరువు వేడి ఎరువు. అందులో నత్రజని ఎక్కువ. ఎండుటాకులు, రంపపు పొట్టు కలిపి కుళ్లబెట్టి, కుప్ప లోపల బాగా వేడెక్కి చల్లారాకే మడికి వెయ్యాలి. ఏళ్ల తరబడి అలాగే చేశాను. ఈసారి విత్తనాలు వేసే తొందరలో మూడు వారాల ఎరువునే మడిలో కలిపేశాను. మొలకల అంచులు మాడిపోయి, సగానికి సగం చచ్చిపోయాయి. బతికిన సగం ఇప్పుడు చూడ్డానికి ఏపుగానే ఉంది. అయినా అమ్మను. పచ్చి ఎరువులో సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా ఉండొచ్చు. ఆకుకూర మట్టిని తాకుతూ పెరుగుతుంది, కొందరు పచ్చిగానే తింటారు. అలాంటి పంటకు పచ్చి ఎరువు వేశాక కోతకు 120 రోజులు ఆగాలన్నది సేంద్రియ సాగులో పాటించే గడువు. ఆకుకూరకు అంత ఆయుష్షు ఎక్కడిది! మొత్తం పీకేసి ఆ మడిలో బంతి నారు పెట్టాను. పక్కన పాత ఎరువుతో కొత్త మడి చేసి మళ్లీ విత్తనం చల్లాను. కట్టలు రావడానికి నెల పైనే పడుతుంది.

టమాటా నారు అడిగినవాళ్లకూ క్షమాపణలు. తలుపు గడియ సరిగా వేయనిది నేనే. అరగంటలో నాలుగు పెట్టలు నారు ట్రేలలోకి దిగి హాయిగా మట్టిస్నానం చేశాయి. అరవై మొక్కల్లో మిగిలినవి పదకొండు. మళ్లీ విత్తాను, ఆరు వారాలు ఆగాలి.

మీలో ఇద్దరు అడిగిన వాటికి జవాబు చెప్పాలి. పచ్చసొన మీద రక్తపు చుక్క ఉంటే లోపల పిల్ల తయారవుతోందని కాదు. గుడ్డు ఏర్పడేటప్పుడు చిన్న రక్తనాళం చిట్లితే ఆ చుక్క పడుతుంది, పుంజు లేని చోటా పడుతుంది. గుడ్లు కడిగి పంపరెందుకని అడిగారు. పెంకు మీద కంటికి కనిపించని సన్నటి పొర ఉంటుంది, అది సూక్ష్మక్రిములు లోపలికి పోకుండా ఆపుతుంది. కడిగితే అది పోతుంది. కాబట్టి వండే ముందు మీరే కడుక్కోండి. అయితే పోయిన వారం వచ్చిన మట్టి గుడ్లకు ఈ పొరను అడ్డం పెట్టుకోను. వాన పడిన రెండు రోజులు గూళ్లలో గడ్డి మార్చలేదు, అంతే.

ఇప్పటినుంచి కొత్త ఇళ్లు ఒప్పుకోవడం ఆపేశాను. తగ్గిన గుడ్లన్నీ ఇంటింటికీ లెక్క రాసి పెట్టాను. డబ్బు వెనక్కి కావాలన్నవాళ్లు చెప్పండి, ఇచ్చేస్తాను. వద్దన్నవాళ్లకు ఆ గుడ్లు తర్వాత వారాల్లో కలుపుతాను. ఇక మీద రోజుకు 21 వచ్చినా 16 వచ్చినట్టే అనుకుని మాటిస్తాను.

కోడిపిల్లల్ని చూడ్డానికి రావచ్చా అని చాలామంది అడుగుతున్నారు. రండి, సాయంత్రం అయితే మంచిది, నల్లపెట్ట కాస్త శాంతంగా ఉంటుంది. మీ ఇంట్లో కూడా కోళ్లుంటే మాత్రం అక్కడ తిరిగిన చెప్పులతో రావొద్దు. పిల్లల్ని పట్టుకున్నవాళ్లు చేతులు కడుక్కునే వెళ్లండి, సబ్బు కుళాయి దగ్గరే ఉంటుంది. వెళ్లేటప్పుడు తలుపు గడియ వేశారో లేదో ఒకసారి చూడండి.