కీళ్ల స్కానింగుకు వారంలో ఒక పూట

సంపాదకులకు,

అక్టోబరు 12, ప్రపంచ ఆర్థరైటిస్ దినం సందర్భంగా మీరు వేసిన వ్యాసం చదివాను. మందులు, తిండి, వ్యాయామం అన్నీ రాశారు. రుమటాయిడ్ కీళ్లవాతం అదుపులో ఉందో లేదో తెలియాలంటే రక్త పరీక్ష, ఎక్స్‌రే చాలన్నట్టు ముగించారు. చాలవని నా పాదమే సాక్ష్యం.

పాలకొల్లులో జాకెట్లు కుడతాను. కాలితో తొక్కే మిషను. వారానికోసారి మెథోట్రెక్సేట్ అనే మందు వేసుకుంటే వేళ్ల వాపు దిగి, మళ్లీ హుక్కులు కుట్టగలుగుతున్నాను. ఒంట్లో వాపు తెలిపే రక్త పరీక్షలు ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ మామూలుగానే ఉన్నాయి. విజయవాడ డాక్టరుగారు కీళ్లు నొక్కి చూసి బాగుందన్నారు. మిషను తొక్కితే మాత్రం కాలి చిటికెన వేలి మొదట్లో ఒకటే పోటు. వాళ్లు నొక్కి లెక్కకట్టే 28 కీళ్లలో భుజాలు, మోచేతులు, మణికట్లు, చేతివేళ్లు, మోకాళ్లు ఉంటాయి గానీ చీలమండలు, పాదాలు ఉండవట. ఆ లెక్క కట్టినవాళ్లెవరూ మిషను తొక్కి ఉండరు!

పాదాలకు, చేతులకు పవర్ డాప్లర్‌తో, అంటే రక్తం ఎక్కడ పారుతోందో రంగులో చూపే పద్ధతితో, అల్ట్రాసౌండ్ రాశారాయన. ఇక్కడి స్కానింగ్ సెంటరులో చీటీ ఇస్తే, కౌంటరు దగ్గరి అమ్మాయి తలెత్తకుండానే సీసాడు నీళ్లు తాగి, ఒంటేలు ఆపుకొని కూర్చోమంది. పాదానికమ్మా అన్నాను. లోపలికెళ్లి అడిగొచ్చి, ఇక్కడ కీళ్లకు తీయరండీ అంది. ఆ పిల్లదేం తప్పులేదు, ఆ గుమ్మంలోకి వచ్చేవాళ్లంతా కడుపు చూపించుకోవడానికే వస్తారు.

చివరికి విజయవాడలోనే తీశారు. తెర నావైపు తిప్పి చూపించారు. బూడిదరంగు బొమ్మలో కీలు లోపలి పొర ఉబ్బి ఉంది. డాప్లర్ పెట్టగానే చిటికెన వేలి మొదట్లో ఎర్రచుక్కలు మినుకుమన్నాయి. ఉబ్బిన పొరలోకి రక్తం ఎక్కువగా పారుతోందని, అంటే జబ్బు అక్కడింకా రగులుతూనే ఉందని అర్థమట. 0 నుంచి 3 వరకు వేసే మార్కుల్లో నాకు 2 వచ్చింది. కుడిచేతి బొటనవేలి మొదట్లోనూ నొప్పే, కానీ అక్కడ ఎరుపు లేదు. అది కత్తెర పట్టీపట్టీ వచ్చిన అరుగుదల అన్నారు. దాన్ని చూసి మందు పెంచక్కర్లేదు, కాలిని చూసి పెంచారు. ఎక్స్‌రేలో కనబడేసరికి ఎముక కొరుక్కుపోయి ఉంటుంది. ఇందులో అంతకుముందే తెలుస్తుంది, రేడియేషనూ లేదు.

అలాగని ప్రతి రోగికీ వచ్చిన ప్రతిసారీ తీయమని నేననను. నార్వేలో 230 మందికి పైగా రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు స్కాన్ చూసి మందులు మారిస్తే, మామూలుగా చూసిన జట్టు కంటే వాళ్లకేమీ ఎక్కువ మేలు జరగలేదని 2016లో తేలిందట. ఇది చెప్పిందీ డాక్టరుగారే. చేతికీ రక్త పరీక్షకూ అందనిచోట, రోగి మాటకూ రిపోర్టుకూ పొంతన కుదరనిచోట తీస్తే చాలు.

మరి డాక్టరుగారు తన గదిలోనే ఒక స్కానింగు మిషను పెట్టుకోవచ్చు కదా అంటే, 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం ఉంది. వేలి కీలు చూసే మిషనైనా సరే రిజిస్టరు చేయించాలి, చేత పట్టుకుని ఊరూరా తిప్పడానికి వీల్లేదు. ఆ చట్టాన్ని సడలించమని ఇద్దరాడపిల్లల తల్లిని, నా నోటితో నేనడగను.

అడిగేదల్లా, ఇప్పటికే రిజిస్టరైన మిషన్లున్న ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో వారంలో ఒక పూట కీళ్లకు కేటాయించమని. థైరాయిడ్ చూసే ప్రోబు (ఒంటిమీద ఆనించి తిప్పే పరికరం) వేళ్ల కీళ్లకూ పనికొస్తుందట. కావలసింది నేర్చిన చెయ్యి. ప్రోబు గట్టిగా అదిమితే ఎర్రచుక్కలు మాయమైపోతాయి, ఏమీ లేదని రాసి పంపేస్తారు. కాబట్టి రేడియాలజీ వాళ్లకు ముందు శిక్షణ ఇప్పించాలి. రిపోర్టులో 'స్వల్ప వాపు' అని రాసి ఊరుకోకుండా, ఏ కీలుకు ఎన్ని మార్కులో విడివిడిగా వేయాలి. లేకపోతే ఆరు నెలల తర్వాత తీసిన రిపోర్టును దేనితో పోల్చుకుంటారు?

— జాకెట్లు కుట్టే ఒక పాఠకురాలు,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా