2024–25 వార్షిక నివేదిక: నెల్లూరు విద్యార్థులకు గ్రంథాలయ సేవలు

గౌరవ సభ్యులకు, దాతలకు, విద్యార్థులకు నమస్కారాలు.

విద్యార్థులకు ఇంటి నుంచే గ్రంథాలయం అందాలన్న మన సంఘం ఆశయం ఈ సభకు కొత్త కాదు. 2020 మార్చి లాక్‌డౌన్‌లో కళాశాల గ్రంథాలయాలకు తాళాలు పడ్డాయి. ఎన్-లిస్ట్ (కళాశాలలకు చందాపై ఈ-పుస్తకాలు, ఈ-పత్రికలు ఇచ్చే జాతీయ పథకం), జాతీయ డిజిటల్ లైబ్రరీ అప్పటికే ఉన్నా, లాగిన్ లేని పిల్లలకు అవి అక్కరకు రాలేదు. తలుపులు తెరిచాక సమస్య తీరిపోయిందని చాలామంది అనుకున్నారు. తీరలేదు. పొదలకూరు, ఆత్మకూరు వైపు నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేవారికి పఠన మందిరంలో కూర్చునే వ్యవధి ఎక్కడిది? కరోనా నాడు ఇంటి నుంచి చదివే వీలు ఎంత అవసరమో, ఈనాడూ అంతే అవసరం.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోదగ్గది నవంబరు 14–20 గ్రంథాలయ వారోత్సవాల్లో నడిపిన లాగిన్ శిబిరం. జాతీయ డిజిటల్ లైబ్రరీలో ఈమెయిల్ ఉన్న ఎవరైనా ఉచితంగా చేరవచ్చు. ఎన్-లిస్ట్ అలా కాదు. కళాశాల గ్రంథపాలకులు పేరు, శాఖ, ఈమెయిల్‌తో జాబితా ఎక్కిస్తే పాస్‌వర్డ్ ఆ మెయిల్‌కు వస్తుంది. చిక్కంతా అక్కడే. చాలామంది మెయిల్ ఎప్పుడో ఏదో దరఖాస్తు కోసం నెట్ సెంటర్ వాళ్లు తెరిచింది. దాని పాస్‌వర్డ్ పిల్లలకు తెలియదు, రికవరీ నంబరు నాన్నదో, రీఛార్జి లేక మూగబోయిన సిమ్ముదో అయి ఉంటుంది. అందుకే మొదటి బల్ల దగ్గర మెయిల్ బాగుచేశాం. రెండో బల్ల దగ్గర జాబితాలోని ప్రతి అక్షరం సరిచూశాం, ఒక్క చుక్క తప్పినా పాస్‌వర్డ్ రాదు. మూడో బల్ల దగ్గర స్పామ్ పెట్టె వెతికి, పాస్‌వర్డ్ మార్పించి, వైఫై ఆపించి, సొంత డేటాతో ఒక వ్యాసం డౌన్‌లోడ్ చేశాకే పంపించాం. ఈ చివరి పరీక్షను ఏ కళాశాలా వదలకూడదు. చందా కళాశాల ఐపీ చిరునామాకు, అంటే అక్కడి ఇంటర్నెట్ కనెక్షన్‌కు, ముడిపడి ఉన్నచోట ఆవరణలో అన్నీ తెరుచుకుంటాయి, గేటు దాటగానే ప్రచురణకర్త సైటు డబ్బులడుగుతుంది. ఎన్-లిస్ట్ వాడేవారు ముందు దాని సైటులో లాగిన్ అయి, అక్కడి లింకు పట్టుకునే వెళ్లాలి. గూగుల్‌లో వెతికి నేరుగా వెళ్తే తెరుచుకోదు.

2025 జనవరి 1 నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్, అంటే సంస్థల తరఫున కేంద్రమే పత్రికలకు చందా కట్టే పథకం, అమలులోకి వచ్చింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 పరిశోధన పత్రికలు. సంతోషమే. అయితే ఇది ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకే. ప్రైవేటు డిగ్రీ కళాశాలల పిల్లలు బయటే మిగిలారు, వీరికి ఎన్-లిస్ట్ చందా కట్టమని యాజమాన్యాలను అడుగుతూనే ఉన్నాం. ప్రభుత్వ సంస్థల్లోనూ ఇంటి నుంచి చూడాలంటే ఇన్‌ఫెడ్‌లో (సంస్థ ఇచ్చిన లాగిన్‌తో బయటి నుంచీ ప్రచురణకర్తల సైట్లు తెరిపించే వ్యవస్థలో) సంస్థ చేరి ఉండాలి. అప్పుడే ప్రచురణకర్త పేజీలోని సంస్థల జాబితాలో దాని పేరు కనబడుతుంది.

ఉదయగిరి, సీతారామపురం వంటి మెట్ట మండలాల పిల్లలకు సిగ్నలే సమస్య. సెలవులకు వెళ్లేముందే కావలసిన అధ్యాయాలు మెమరీ కార్డులో వేసిస్తున్నాం. పాత ప్రశ్నపత్రాలు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు), నలుపు తెలుపులో స్కాన్ చేస్తే ఫైలు చిన్నదవుతుంది, అక్షరం చెదరదు. పుస్తకం మొత్తం స్కాన్ చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టమని అడిగేవారికి మళ్లీ చెబుతున్నాం, అది కాపీహక్కు చట్టానికి విరుద్ధం.

కరోనా నాటి నష్టం బీరువాల్లో ఇంకా ఉంది. మూసిన గదుల్లో అడుగు అరలకు చెదలు, బూజు పట్టాయి. కొన్నిచోట్ల తిరిగొచ్చిన పుస్తకాలపై క్రిమిసంహారక ద్రావణమైన హైపోక్లోరైట్ చల్లారు. దాంతో కాగితం పసుపెక్కి పెళుసుబారింది. ఆనాడు చాలా గ్రంథాలయాలు చేసినట్టు 72 గంటలు విడిగా పెట్టి ఉంటే ఈ నష్టం తప్పేది. బూజు పట్టినవాటిని ఎండలో పెట్టకుండా నీడన, పుటలు విప్పి ఆరబెట్టాం. మాస్కు కట్టుకుని ఆరుబయట మెత్తని కుంచెతో దులిపాకే బైండింగుకు ఇచ్చాం. అడుగు అర నేలకు జానెడు పైన, గోడకు ఆనకుండా ఉండాలి.

జమాఖర్చుల పట్టిక చివరి పేజీలో ఉంది. ఆడిటరు సంతకం అయింది, సభ ఆమోదించగలరు. ఎక్కువ ఖర్చు బైండింగుకే.

శిబిరానికి ల్యాప్‌టాప్‌లు తెచ్చిన అధ్యాపకులకు, జాబితాలు రాత్రికి రాత్రే సరిదిద్దిన గ్రంథపాలకులకు, బల్లలు, షామియానా ఇచ్చిన దాతలకు, మధ్యాహ్నం భోజనం వండి పంపిన అమ్మలకు, మూడో బల్లను ఆసాంతం మోసిన ఎం.ఎస్సీ. విద్యార్థినులకు సంఘం రుణపడి ఉంటుంది.

సేవకు వస్తామని వాట్సాప్‌లో పేరు ఇచ్చి ఆదివారం ముఖం చూపని సభ్యుల మాట కూడా చెప్పక తప్పదు. రాలేమని ముందురోజు చెబితే మరొకరిని పిలుచుకుంటాం కదా! పౌర గ్రంథాలయ పఠన మందిరం రాత్రి ఎనిమిది దాకా తెరవాలని ఇచ్చిన వినతిపత్రానికి జవాబు రాలేదు. గుర్తుచేస్తూ రాసిన ఉత్తరానికీ అంతే. ఆస్తిపన్ను మీద రూపాయికి 8 పైసల గ్రంథాలయ పన్ను ప్రజలు కడుతూనే ఉన్నారు. వేళలు పెంచమని అడిగే హక్కు వారికి ఉంది.

వచ్చే ఏడాది శిబిరం మొదటి సంవత్సరం అడ్మిషన్లు ముగిసిన నెలలోనే పెట్టాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. మూడు బల్లలకు ఇద్దరేసి చొప్పున ఆరుగురు, అదనంగా ఇద్దరు కావాలి. సభ ముగిసేలోగా రిజిస్టరులో పేరు, ఖాళీగా ఉండే వారం రాయండి. చందా బాకీ ఉన్నవారు కోశాధికారి దగ్గర రసీదు తీసుకోగలరు.

ఇట్లు,
కార్యదర్శి