మడ్‌గార్డు అంచు మడిపించే ముందు ఆఫ్‌సెట్ లెక్క చూడండి

అయ్యా,

చిన్న కార్లకు 16, 17 అంగుళాల అలాయ్ చక్రాలు వేయించుకుని, టైరు మడ్‌గార్డుకు రాసుకుంటోందని టింకరింగ్ షాపులకు వచ్చేవాళ్లు చాలామంది ఉంటున్నారు. లోపలి అంచు మడిచే ఈ పనిని ఫెండర్ రోలింగ్ అంటున్నారు. పని చెడ్డదేమీ కాదు. పద్ధతిగా చేస్తే పెయింటు చెక్కుచెదరదు. కానీ చక్రాలు అమ్మే చోట లెక్క చూడకుండా ‘తగిలితే అంచు మడిపించుకోండి, సరిపోతుంది’ అని చెప్పి పంపేస్తున్నారు. చాలాసార్లు సరిపోదు. ఎందుకో రాస్తున్నాం.

మడ్‌గార్డు కింది నుంచి వేలు పెట్టి చూడండి. రేకు లోపలికి 90 డిగ్రీలు తిరిగి ఉంటుంది. చాలా హ్యాచ్‌బ్యాక్‌లలో ఆ అంచు 10 నుంచి 15 మి.మీ. ఉంటుంది. దాన్ని పైకి తిప్పి రేకుకు ఆనించడమే రోలింగ్. 12 మి.మీ. అంచు మడిస్తే మడత మందం పోగా దక్కేది 8, 9 మి.మీ. మాత్రమే.

ఇప్పుడు చక్రం సంగతి. ఆఫ్‌సెట్ అంటే చక్రం హబ్‌కు (బోల్టులతో బిగించే భాగానికి) ఆనే చోటు, రిమ్ము వెడల్పు మధ్య కన్నా ఎన్ని మి.మీ. బయటికి ఉందన్న లెక్క. పాతది ఐదున్నర అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ 45 అనుకుందాం. వెడల్పులో సగం 70 మి.మీ. అందులోంచి 45 తీసేస్తే హబ్ నుంచి రిమ్ము బయటికి ఉన్నది 25. కొత్తది 7 అంగుళాలు, ఆఫ్‌సెట్ 35 అయితే సగం 89, అందులో 35 పోతే 54. అంటే రిమ్ము ఏకంగా 29 మి.మీ. బయటికి వచ్చింది. కంపెనీ వదిలిన సందు ఓ 12 మి.మీ. ఉన్నా, మడతతో వచ్చిన 9 కలిపినా చాలదు. అప్పుడే రేకును బయటికి లాగమంటారు, పెయింటు పగిలేదీ అప్పుడే. అదే ఆరున్నర అంగుళాలు, ఆఫ్‌సెట్ 45 తీసుకుంటే బయటికి 13, లోపలికి 13 మి.మీ. పెరుగుతుంది. ఇది మడతతో సర్దుకునే వ్యవహారం. లోపల స్ట్రట్‌కూ (సస్పెన్షన్ కడ్డీకీ) టైరుకూ మధ్య చిటికెన వేలు దూరుతోందా లేదా కూడా చూసుకోవాలి. ఆఫ్‌సెట్ అంకె కోసం ఎవరినీ అడగక్కర్లేదు, చక్రం వెనక పోతలోనే ‘ఈటీ 45’ అన్నట్టు ఉంటుంది.

టైరు ఎత్తు కూడా అంతే ముఖ్యం. 185/65 ఆర్15 ఎత్తు దాదాపు 621 మి.మీ. 195/55 ఆర్16 కూడా అంతే, కాబట్టి ఆ మార్పుతో పేచీ లేదు. 195/60 ఆర్16 అయితే 640. ఎత్తు తేడాలో సగం, అంటే పైన 9 మి.మీ. సందు తగ్గుతుంది, మీటరు 100 చూపిస్తుంటే బండి 103 మీద పోతుంటుంది. టైరు మీద సైజు పక్కన ఉండే లోడ్ అంకెను ఎవరూ చూడరు. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది, 84 అంటే 500. అందానికి పల్చటి టైరు వేసి, ఐదుగురు ఎక్కి, డిక్కీ నింపుకుని తిరుపతి బయల్దేరితే ఆ తేడా గుంతలో పడ్డప్పుడు తెలుస్తుంది.

లెక్క కుదిరాకే రేకు జోలికి వెళ్లాలి. ముందు తగులుతున్న చోటు తేల్చుకోవాలి. అంచుకు చాక్‌పీస్ మందంగా రుద్ది, వెనక సీట్లో ముగ్గురిని కూర్చోబెట్టి, స్పీడ్ బ్రేకర్ మీద నెమ్మదిగా రెండుసార్లు పోనిచ్చి, టైరు భుజం మీద తెల్ల గీత ఎక్కడ పడిందో చూడండి. స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి ఇంకోసారి చూడాలి. రాసుకున్న గుర్తు టైరు లోపలి వైపు ఉంటే అంచు మడిచి లాభం లేదు, అది లైనర్‌కో (మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్ తొడుగుకో) స్ట్రట్‌కో తగులుతోంది.

అంచు మడిచే పనిముట్టు రోలర్. రోలర్ అంటే చక్రం విప్పాక హబ్ బోల్టులకే బిగించే చెయ్యి, దాని కొసన గట్టి పాలీయూరిథేన్ (రబ్బరు లాంటి ప్లాస్టిక్) రోలు, అంటే గుండ్రంగా తిరిగే చక్రం. బండిని జాకీ మీద వదిలేయకుండా స్టాండు పెట్టాలి. ఇంకో జాకీతో హబ్‌ను బండి నిలబడినప్పటి ఎత్తుకు లేపాలి, లేకపోతే రోలు తిరిగే వంపూ మడ్‌గార్డు వంపూ కలవవు. లైనర్ స్క్రూలు విప్పి, అంచు వెనక పేరుకున్న మట్టిని తీగ బ్రష్షుతో గీకి కడిగి ఆరబెట్టాలి. మడతలో చిన్న ఇసుక రాయి చిక్కినా బయటికి మొటిమలా పొడుచుకొస్తుంది.

పెయింటు 60, 70 డిగ్రీల వేడికి రావాలి. హీట్ గన్ ఒకచోట ఆపకుండా, నాలుగు వేళ్ల దూరంలో ఆడిస్తూ ఉండాలి. రేకు మీద చెయ్యి ఒక్క క్షణం కన్నా ఆగనంత వేడి చాలు, పొంగితే పెయింటు పోయినట్టే. తర్వాత రోలును ఆనీ ఆనకుండా పెట్టి అటూ ఇటూ నాలుగైదు సార్లు నడిపించి, రోలర్ స్క్రూ పావు చుట్టు బిగించి, మళ్లీ వేడి చేసి, మళ్లీ నడిపించాలి. 90 డిగ్రీల అంచు ముందు 60కి, తర్వాత 30కి, ఆఖరున రేకుకు రావాలి. ఒక్కో చక్రానికి గంట పడుతుంది. పావుగంటలో తేల్చేస్తామనే చోట రేకు అలలు అలలుగా లేస్తుంది. దూరం నుంచి తెలియదు, సాయంత్రం ఎండ పక్క నుంచి పడితే తెలుస్తుంది. బంపర్ కలిసే చోట నాలుగు వేళ్ల ముందే ఆగిపోవాలి. ఇదివరకు పుట్టీ పెట్టిన బండి అయితే అసలు మొదలెట్టకండి. అయస్కాంతం గట్టిగా అంటుకోని చోట పుట్టీ ఉంది, అది వంగదు, పగులుతుంది.

ముందు మడ్‌గార్డుకూ వెనకదానికీ పోలిక లేదు. ముందుది బోల్టులతో బిగించిన ఒంటి రేకు. పాడైతే కొత్తది కొనుక్కోవచ్చు. వెనకది బాడీలో భాగం. బయటి రేకు, లోపలి రేకు కలిపి స్పాట్ వెల్డింగ్ చేసి, మధ్యలో సీలెంట్ పెట్టి ఉంటారు. మడిస్తే ఆ సీలెంట్ చిట్లుతుంది, వెల్డింగ్ చుక్కల దగ్గర రేకు మొరాయిస్తుంది. మడతయ్యాక టార్చి వేసి చూసి, చిట్లిన ప్రతిచోటా జింక్ లేదా ఎపాక్సీ ప్రైమర్ కొట్టి, సీమ్ సీలర్ పూసి, ఒక రోజు ఆరనిచ్చి పెయింటు వేయాలి. ఈ చివరి పని దగ్గరే జనం డబ్బు మిగుల్చుకోవాలని చూస్తారు. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఆ మడతలో తుప్పు తొందరగా మొదలవుతుంది. బయట బుడగ కనిపించేసరికి లోపల రేకు తినేసి ఉంటుంది.

గ్రైండర్‌తో అంచు కోసేయడం ఇంకా ఘోరం. వెనక వైపు కోస్తే రెండు రేకులూ విడిపోయి, వాన నీళ్లు డిక్కీలోకి వస్తాయి. టైరుకూ అంచుకూ మధ్య దుడ్డుకర్రో బ్యాటో దూర్చి బండిని ముందుకీ వెనక్కీ నెట్టే పద్ధతి ఉంది. అంచు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ వంగుతుంది, టైరు పక్క గోడ నలుగుతుంది. ఇవేవీ వద్దని చక్రాన్ని లోపలికి వాల్చి క్యాంబర్ మార్చేవాళ్లూ ఉన్నారు. అంచు బతుకుతుంది, టైరు లోపలి వైపు అరిగిపోతుంది.

చట్టం మాటా తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఎ కింద, అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా చక్రాలు మారిస్తే క్లెయిమ్ దగ్గర తగువు వస్తుంది. మీ మోడల్‌లోనే పై వేరియంట్‌కు కంపెనీ ఇచ్చే సైజు దగ్గర ఆగితే చాలావరకు ఈ గొడవలుండవు, అంచు ముట్టుకునే పనీ పడదు.

చక్రాలు అమ్మే షాపులకు మా విన్నపం ఒక్కటే. బిల్లు మీద ‘16 అంగుళాల అలాయ్, నాలుగు’ అని మాత్రమే రాయకండి. రిమ్ము వెడల్పు, ఆఫ్‌సెట్, హబ్ రంధ్రం కొలత, టైరు లోడ్ అంకె కూడా రాయండి. నాలుగూ బిగించే ముందు ఒకటి ముందు, ఒకటి వెనక బిగించి, మనుషుల్ని ఎక్కించి చూపించండి. ఆ పదిహేను నిమిషాలు పెడితే మా దగ్గరికి వచ్చే బళ్లలో చాలావరకు రావు. మాకు బేరం తగ్గుతుంది, ఫర్వాలేదు.

— కొందరు టింకరింగ్, వీల్ అలైన్‌మెంట్ పనివాళ్లు,
ఆటోనగర్, విజయవాడ