స్థలం లేక కాదు, సెల్లార్లు నిండిపోయి

సంపాదకులు గారికి నమస్కారం.

కోఠి, సుల్తాన్ బజార్, అబిడ్స్ వైపు బండి పెట్టుకోవడానికి జాగా దొరక్క జనం పడే అవస్థల గురించి పోయిన వారం మీ సిటీ పేజీలో వేశారు. ఆ రోజే రాసేవాణ్ణి. కోపంలో రాసిన ఉత్తరాలు మా ఆవిడ పోస్టు చేయనివ్వదు, రెండు రోజులు ఆగమంటుంది. ఆరు రోజులు ఆగాను. తగ్గలేదు, అందుకని రాస్తున్నాను.

మీరు రాసిందంతా నిజమే, ఒక్క వాక్యం మాత్రం మింగుడు పడలేదు. సిటీ నడిబొడ్డున ఖాళీ స్థలం లేకపోవడమే అసలు సమస్య అని ఎవరో అధికారి అన్నారట, మీరు అలాగే అచ్చేశారు. ఎందుకు లేదండీ? కాగితం మీద కావలసినంత ఉంది. ఏ కట్టడానికి ఎంత పార్కింగ్ వదలాలో 2012 నాటి జీవో 168లో లెక్క కట్టి మరీ రాశారు. ప్లాన్‌లో సెల్లార్ గీస్తారు, అందులో బండ్లకి గళ్లు గీస్తారు, సంతకాలు పడతాయి. బిల్డింగ్ లేచాక మీ విలేకరిని ఒక్కసారి ఆ సెల్లార్‌లోకి దిగి రమ్మనండి. పైపుల కట్టలు, టైల్స్ పెట్టెలు, గోనె సంచులు, ఓ మూల జనరేటర్, ఇంకో మూల జిరాక్స్ షాపు. కొన్నిచోట్ల ర్యాంపు కూడా ఉండదు, మెట్లుంటాయి. మెట్ల మీదుగా కారు ఎలా దిగుతుందని ఏ అధికారికీ అనుమానం రాలేదంటే వాళ్ల నమ్మకాన్ని మెచ్చుకోవాలి. పాత బిల్డింగులకి ఆ రూల్ వర్తించదు కదా అంటారేమో, నేను చెప్పేది నిన్నగాక మొన్న లేచిన వాటి సంగతే.

సరుకు సెల్లార్‌లోకి దిగింది కాబట్టి బండ్లు రోడ్డెక్కాయి. రోడ్డయినా మనదా అంటే అదీ లేదు. షాపు ముందు మూడు సిమెంటు దిమ్మలు పెట్టి, వాటికి తాడు కట్టి, 'ఇచ్చట బండ్లు పెట్టరాదు, గాలి తీయబడును' అని బోర్డు రాయిస్తారు. ఎవరి రోడ్డు, ఎవరి బండి, ఎవరు తీసే గాలి? ఆ తాడు లోపల మాత్రం యజమాని గారి కారు పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా కదలదు. దానికి ఏ గాలీ పోదు.

ఇక నా గొడవ. మా ఇంట్లో నల్లా కారుతోంది, వాషర్ మార్చాలి. మా పేటలో దొరకలేదు, ట్రూప్ బజార్‌లో దొరకని నల్లా సామాను ఉండదు కదా అని స్కూటర్ మీద బయలుదేరాను. కోఠి చుట్టూ రెండు చుట్లు తిరిగాను. ఉమెన్స్ కాలేజీ ముందు ఆగితే ఆటోల వాళ్లు ఊరుకోరు, బ్యాంక్ స్ట్రీట్‌లో స్కూటర్‌కి కాదు గదా గొడుగుకి కూడా సందు లేదు. చివరికి ఒక కాంప్లెక్స్ ఆవరణలో పెట్టాను. దాని పేరు రాయను. వాషర్ ఏడు రూపాయలు. వెళ్లి రావడానికి పట్టింది పన్నెండు నిమిషాలు. వాచీ చూసుకునే వెళ్లాను, ఎందుకంటే నా డిక్కీలో జీవో 63 జిరాక్స్ ఎప్పుడూ ఉంటుంది.

ఆ జీవో 2018 మార్చి 20న వచ్చింది, ఏప్రిల్ 1 నుంచి అమలు. మాల్, మల్టీప్లెక్స్, వ్యాపార సముదాయం ఏదైనా సరే, మొదటి అరగంట పార్కింగ్‌కి పైసా తీసుకోకూడదు. అరగంట దాటి గంట లోపు అయితే అక్కడ ఏదైనా కొన్న బిల్లు చూపిస్తే చాలు, ఎంత బిల్లని అడగకూడదు. గంట దాటితే పార్కింగ్ రుసుము కంటే ఎక్కువ బిల్లో, సినిమా టికెట్టో చూపించాలి. 2021 జులైలో ఒంటి తెర సినిమా హాళ్లకి మాత్రం వసూలు చేసుకోమని సడలింపు ఇచ్చారు, పాపం వాళ్ల కష్టాలు వాళ్లవి. మిగతా వాళ్లకి రూల్ రూలే.

ఇదంతా ఆ గేటు దగ్గర కుర్రాడికి చెప్పాను. వాడు శ్రద్ధగా విని, "ఇక్కడ జీవోలు గీవోలు నడవవు అంకుల్, ఇరవై ఇవ్వండి" అన్నాడు. జిరాక్స్ చూపించాను. "ఇది ఏడేళ్ల కిందటిది కదా, ఎక్స్‌పైర్ అయి ఉంటది" అన్నాడు. పెరుగు ప్యాకెట్టా ఎక్స్‌పైర్ కావడానికి! నా వెనక నాలుగు బండ్లు హారన్లు కొడుతున్నాయి, ఒకాయన "ఇరవై రూపాయలకి ఇంత గొడవేంటి పెద్దాయనా" అని కూడా అనేశాడు. ఇచ్చేశాను.

రసీదు అడిగాను. నేను ముప్పై ఒక్క ఏళ్లు ట్రెజరీలో చేశాను సార్, కాగితం చూస్తే దాని పుట్టుక చెప్పగలను. వాడిచ్చిన స్లిప్పు మీద వరుస నంబరు లేదు, తేదీ లేదు, టైమ్ లేదు, కాంప్లెక్స్ పేరు లేదు. 'టూ వీలర్ 20' అని ఉంది, కింద వినాయకుడి బొమ్మ ఉంది. ఉచితంగా వదిలారో, డబ్బు తీసుకున్నారో స్లిప్పు మీద ముద్ర వేసి మరీ ఇవ్వాలని రూల్. మా రోజుల్లో ఇలాంటి కాగితం బిల్లుకి జత చేస్తే పై అధికారి ముందు నవ్వేవాడు, తర్వాత మెమో ఇచ్చేవాడు. ఇలా రోజుకి ఎన్ని స్లిప్పులు చిరుగుతాయో, ఆ ఇరవైలు ఎవరి ఖాతాలో పడతాయో ఆ వినాయకుడికే తెలియాలి.

స్లిప్పు పట్టుకుని ఒక ఆఫీసుకి వెళ్లాను. అది మా పరిధి కాదు, ఫలానా ఆఫీసుకి వెళ్లండి అన్నారు. ఆ ఫలానా ఆఫీసులో ముందు ఫిర్యాదు అక్కడే ఇచ్చి రావాలి అన్నారు. రెండో ఆఫీసు ముందు స్కూటర్ పెట్టినందుకు పది రూపాయలు. అక్కడా రసీదు లేదు, ఈసారి అడగలేదు కూడా.

2022 అక్టోబరులో ట్రాఫిక్ పోలీసులు ఆపరేషన్ రోప్ అని మొదలుపెట్టారు, అడ్డదిడ్డంగా పెట్టిన బండ్లనీ ఆక్రమణలనీ తొలగించడానికి. మంచి పనే, కొన్నాళ్లు తేడా కనిపించింది కూడా. రోప్ అంటే తాడు. ఇప్పుడు ఆ తాళ్లన్నీ నేను పైన చెప్పిన సిమెంటు దిమ్మలకే కట్టి ఉన్నాయేమో అనిపిస్తుంది. నో పార్కింగ్‌లో పెట్టిన బండిని ఎత్తుకుపోవడం నేనూ తప్పనను. ఎక్కడ పెట్టకూడదో ఇన్ని బోర్డులు చెబుతున్నాయి, ఎక్కడ పెట్టాలో చెప్పే బోర్డు ఒక్కటైనా కోఠిలో మీకు కనిపించిందా?

చలానాల సంగతి కూడా రాయాలి. ఒకసారి నాకూ పడింది, తప్పు నాదే, మర్నాడే పూర్తిగా కట్టాను. 2022లో పెండింగ్ చలానాలు కట్టేవాళ్లకి టూ వీలర్ మీద 75 శాతం మాఫీ అన్నారు. 2023 డిసెంబరులో 80 శాతం అన్నారు. అంటే వేళకి కట్టినవాడు వెర్రివాడు, ఎగ్గొట్టి కూర్చున్నవాడికి పండగ ఆఫర్. చీరల షాపు వాళ్లు కూడా ఇంత తగ్గించరు. మా పక్కింటి కుర్రాడు ఇప్పుడు చలానా వస్తే కట్టడం లేదు, మళ్లీ సేల్ పెడతారు అంకుల్, తొందరెందుకు అంటాడు. వాడికి ఏమని చెప్పను?

బండెందుకు, మెట్రో ఎక్కొచ్చుగా అని మీ పాఠకులు కొందరు రాస్తారని తెలుసు. నిజమే, మలక్‌పేటలో ఎక్కితే ఎంజీబీఎస్, దాని తర్వాత ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్, రెండో స్టాపే. కానీ మా ఇంటి నుంచి స్టేషన్‌కి కిలోమీటరు పైనే, నా మోకాళ్లు అంత దూరం ఒప్పుకోవు. బండి మీద స్టేషన్ దాకా వెళ్తే ఆ బండి ఎక్కడ పెట్టాలి? నాగోల్‌లో అన్నాళ్లూ ఉచితంగా ఉన్న పార్కింగ్‌కి 2024లో డబ్బులు పెడితే ప్రయాణికులు ధర్నా చేయాల్సి వచ్చింది, గుర్తుండే ఉంటుంది. మా ఆవిడ మాత్రం, ఆడవాళ్లకి బస్సు ఉచితం కాబట్టి, ఆధార్ కార్డు చూపించి బస్సెక్కి సుల్తాన్ బజార్‌లో గాజులు కొనుక్కుని పైసా ఖర్చు లేకుండా వచ్చేస్తుంది. "మీ జీవో చెల్లదు, నా జీరో టికెట్ చెల్లుతుంది" అని ఎగతాళి కూడా.

నాంపల్లిలో అర ఎకరంలో, యంత్రాలే బండ్లని పైకెక్కించి పెట్టే పదిహేను అంతస్తుల పార్కింగ్ టవర్ అని ఏళ్లకేళ్లు కట్టారు. పదిహేనులో పది అంతస్తులు బండ్లకట, మిగతా అయిదు షాపులకీ సినిమా తెరలకీ. వద్దనడం లేదు. ఏడు రూపాయల వాషర్ కోసం వచ్చినవాడు నాంపల్లిలో బండి పెట్టి ట్రూప్ బజార్ దాకా నడిచి వస్తాడా? అంత పెద్ద యంత్రాలు తెప్పించడం కంటే, ఉన్న సెల్లార్లలో గోనె సంచులు బయట పడేయించడం చవక. కాకపోతే దానికి టెండర్ ఉండదు, రిబ్బన్ కత్తిరింపు ఉండదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అబిడ్స్ వెళ్తే సైకిల్ స్టాండ్ ఉండేది. పావలా తీసుకుని అట్టముక్క మీద నంబరు వేసి సగం చింపి మన చేతికిచ్చి, సగం సీటుకి గుచ్చేవాడు. ఒకరోజు నా అట్టముక్క పోయింది. సైకిల్ ఇవ్వడానికి ఆ ముసలాయన నా ఆఫీసు పేరు, సైకిల్ రంగు, గంట ఏ వైపు ఉందో అన్నీ అడిగి గానీ వదల్లేదు. పావలాకి అంత బాధ్యత. ఇప్పుడు ఇరవై తీసుకుని, 'మీ బండికి మేము బాధ్యులం కాము' అని గోడ మీద రాయిస్తున్నారు.

అధికారులు ఈ ఉత్తరం చదువుతారన్న భ్రమ నాకు లేదు. మిమ్మల్ని అడిగేది ఒక్కటే. ఆ జీవో 63లోని మూడు ముక్కలూ పెద్ద అక్షరాలతో ఒక బాక్సు కట్టి మొదటి పేజీలో వేయండి. నా జిరాక్స్ మొన్నటి వానకి తడిసిపోయింది, పేపర్లో వచ్చిందంటే ఆ కుర్రాడు కూడా కొంచెం నమ్ముతాడు. పేరు మాత్రం వేయకండి, మళ్లీ అక్కడికే వెళ్లాలి. తెచ్చిన వాషర్ సైజు సరిపోలేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ట్రెజరీ ఉద్యోగి,
మలక్‌పేట, హైదరాబాద్