తప్పు పెద్దలది, నిషేధం పిల్లలకా?

సంపాదకులకు నమస్కారం.

మేం ఏడెనిమిది మందిమి రోజూ పొద్దున్నే ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్‌లో నడిచి, బయట టీ తాగి ఇళ్లకు పోతాం. అందరం ఒకప్పుడు కాలేజీల్లో బాస్కెట్‌బాల్ ఆడినవాళ్లమే. పిల్లలు అమెరికాలో చదువుకోవడానికి పోయినప్పటి నుంచి అక్కడి కాలేజీ బాస్కెట్‌బాల్ పిచ్చి కూడా మాకు పట్టింది, ఏటా మార్చిలో మొదలయ్యే వాళ్ల జాతీయ టోర్నీ ఫైనల్ అక్కడ సోమవారం రాత్రి జరిగితే మనకు మంగళవారం పొద్దున ఏడు గంటల వేళకు వస్తుంది కాబట్టి ఆ రోజు నడక మానేసి ఫోన్లు ముందేసుకుని కూర్చుంటాం. ఈ మధ్య మా మధ్య ఒక వాదన మొదలై ఇంకా తెగలేదు. రూల్స్ తప్పిన కాలేజీకి ఏ శిక్ష వేయాలి? ఇది మన కాలేజీలకూ తగిలే విషయం కాబట్టి మీకు రాస్తున్నాను.

మాలో సగం మంది "టీమ్‌నే ఒక ఏడాది ఆపేయాలబ్బా, అప్పుడే భయం ఉంటుంది" అంటారు. నేను ఒప్పుకోను. అమెరికాలోని ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీ సంగతే చూడండి. అక్కడ ఒక అసిస్టెంట్ కోచ్ ఆటగాళ్లను ఫలానా ఫైనాన్స్ సలహాదారుల దగ్గరికి పంపిస్తానని లంచం తీసుకున్నాడు. 2017లో దొరికాడు, అప్పుడే ఉద్యోగం పోయింది. అక్కడి కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఒక ఏడాది టోర్నీ ఆడకూడదని 2020 జూన్‌లో తీర్పు ఇచ్చింది, కాలేజీ అప్పీలు చేసింది, ఆ అప్పీలు తేలేవరకు నిషేధం ఆగింది కాబట్టి 2021లో టీమ్ టోర్నీ ఆడింది, ఆ టీమ్‌లోని కేడ్ కన్నింగ్‌హామ్ అదే ఏడాది అక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటివాడిగా ఎంపికై వెళ్లిపోయాడు. ఆ తర్వాత అప్పీలు ఓడిపోయి 2022 టోర్నీకి నిషేధం పడింది. ఎవరి మీద పడింది? లంచం తీసుకున్న రోజుల్లో హైస్కూల్లో చదువుకుంటున్న పిల్లల మీద. చివరి ఏడాది ఆడుతున్న కుర్రాళ్లకు ఇంకో మార్చి నెల రాదు కదా.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 1993లో నేను డిగ్రీ రెండో ఏడాది. కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. ఇంటర్ కాలేజియేట్ సెమీఫైనల్‌కు మా ఫిజికల్ డైరెక్టర్ (పీడీ) సార్ బయటి కుర్రాడిని తెచ్చి, మా కాలేజీ విద్యార్థి పేరు మీద ఆడించాడు. అవతలి కాలేజీ కంప్లయింట్ ఇచ్చింది, గంటలో మమ్మల్ని టోర్నీ నుంచి తీసేశారు, రెండేళ్లు నిషేధం అన్నారు. మాకేమీ తెలియదని చెప్పను. ఆ అబ్బాయి ఏ క్లాసులోనూ కనిపించడని అందరికీ తెలుసు, కానీ పీడీ సార్ తెచ్చినవాడి గురించి అడిగే ధైర్యం ఎవరికుంది? మాకు పడింది, సరే. మరుసటి ఏడాది కాలేజీలో చేరిన జూనియర్ ఒకడు ఉండేవాడు, ఆరడుగులు దాటిన పొడుగు, రెండు చేతులతోనూ లే-అప్ వేసేవాడు, అలాంటి ఆటగాడిని నేను మళ్లీ మా ఊళ్లో చూడలేదు. వాడి మూడేళ్ల డిగ్రీలో రెండేళ్లు మా నిషేధంలోనే పోయాయి. ఇంటర్ కాలేజియేట్‌లో ఆడకపోతే యూనివర్సిటీ టీమ్‌కు ఎంపిక లేదు, ఎంపిక లేకపోతే సర్టిఫికెట్ లేదు, సర్టిఫికెట్ లేకపోతే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి అప్లికేషన్ కూడా పెట్టలేడు. పీడీ సార్ మాత్రం ఇంకో కాలేజీకి మారి, మరుసటి ఏడాది అదే టోర్నీలో వేరే టీమ్ బెంచ్ మీద కూర్చున్నాడు. నేను గ్యాలరీలో ఉన్నాను, నా కళ్లతో చూశాను.

ఏడాది ఆపేస్తే భయపడతారనే మాట కూడా అంత నిజం కాదు. కెంటకీ యూనివర్సిటీకి 1952-53 సీజన్ మొత్తం ఆట లేకుండా చేశారు, ఆటగాళ్లు పందెగాళ్ల దగ్గర డబ్బు తీసుకుని కావాలనే పాయింట్లు తగ్గించి ఆడిన కుంభకోణం, ఆటగాళ్లకు అక్రమంగా డబ్బులు ఇవ్వడం బయటపడినందుకు. మరుసటి సీజన్‌లో అదే కెంటకీ 25 మ్యాచులు ఆడి 25 గెలిచింది, అదే కోచ్‌తో. పెద్ద కాలేజీ ఒక ఏడాది ఓర్చుకోగలదు, నాలుగేళ్ల కోసం వచ్చిన కుర్రాడు ఓర్చుకోలేడు.

ఇక ఇంకో శిక్ష, గెలిచిన మ్యాచులను రికార్డుల నుంచి తీసేయడం. లూయివిల్ 2013లో మిషిగన్ మీద 82-76తో గెలిచి చాంపియన్ అయింది. టీమ్ సిబ్బందిలో ఒకడు ఆటగాళ్ల హాస్టల్‌కు డబ్బులిచ్చి అమ్మాయిలను రప్పించాడని తర్వాత బయటపడింది, 2018 ఫిబ్రవరిలో ఆ టైటిల్ రద్దయింది, బ్యానర్ దించేశారు. పురుషుల బాస్కెట్‌బాల్‌లో చాంపియన్ టైటిల్ రద్దు కావడం అదే మొదటిసారి. మిషిగన్‌కు ఇచ్చారా అంటే అదీ లేదు, ఆ ఏడాదికి చాంపియనే లేడు. కానీ మేం ఆ మ్యాచ్ చూశాం, చూసింది ఎవరు రద్దు చేస్తారు? ఆ ఫైనల్ ఫోర్‌లో, అంటే చివరి నాలుగు టీమ్‌ల పోటీలో, ఉత్తమ ఆటగాడిగా నిలిచిన ల్యూక్ హాంకాక్, తోటి ఆటగాళ్లు కొందరు కలిసి కోర్టుకెళ్తే 2019లో రాజీ కుదిరి వాళ్ల సొంత గౌరవాలు వాళ్లకు దక్కాయి. తప్పు చేయని ఆటగాడు తన పేరు కోసం కోర్టు మెట్లెక్కాల్సి వచ్చిందంటే ఆ శిక్ష సరిగా పడలేదనే నా లెక్క.

మరి ఏం చేయాలంటావ్ అన్నారు మావాళ్లు. ఎన్‌సీఏఏలోనే ఒక మంచి పద్ధతి ఉంది, షో-కాజ్ అంటారు. అది కోచ్‌తోనే పోతుంది. ఆ గడువులోపల ఏ కాలేజీ అయినా అతన్ని తీసుకోవాలంటే తనకు ఎందుకు శిక్ష వేయకూడదో ముందు చెప్పుకోవాలి, అందుకే ఎవరూ దగ్గరికి రానివ్వరు. లంచం తీసుకున్న ఓక్లహోమా స్టేట్ అసిస్టెంట్ కోచ్‌కు అది పదేళ్లు వేశారు. కెల్విన్ శాంప్సన్ అనే ఇంకో కోచ్‌కు, టీమ్‌లోకి రప్పించాలనుకున్న కుర్రాళ్లకు హద్దు మీరి ఫోన్లు చేశాడని 2008లో అయిదేళ్లు వేశారు, ఆయన ఎన్‌బీఏలో అసిస్టెంట్‌గా కాలం గడిపి 2014లో హ్యూస్టన్ యూనివర్సిటీకి వచ్చాడు, 2025 ఫైనల్‌దాకా తీసుకెళ్లి రెండు పాయింట్లతో ఓడాడు. ఫోన్ కాల్స్‌కు అయిదేళ్లు ఎక్కువే అనిపిస్తుంది నాకు, అయినా పడాల్సిన మనిషికే పడింది, అనుభవించి తిరిగొచ్చాడు, ఇందులో నాకు అన్యాయం కనిపించడం లేదు. దీనికి తోడు టోర్నీలో వచ్చిన డబ్బు కాలేజీ దగ్గర వెనక్కి తీసుకోవాలి. "కోచ్‌ను బలిపెట్టి కాలేజీ తప్పించుకుంటుంది కదన్నా" అని మా వాడొకడు అన్నాడు, ఆ మాటలో బలముంది, అందుకే డబ్బు దగ్గర మాత్రం కనికరం వద్దంటాను. 2022లో ఎన్‌సీఏఏ తన నియమావళినే మార్చుకుని, తప్పులో లేని ఆటగాళ్లకు వీలైనంతవరకు శిక్ష తగలకూడదని రాసుకుంది. అదే ఏడాది మార్చిలో ఓక్లహోమా స్టేట్ పిల్లలు మాత్రం ఇంట్లోనే కూర్చున్నారు.

మన చిత్తూరు, తిరుపతి కాలేజీల టోర్నీలు నడిపే పెద్దలను మీ పత్రిక ద్వారా నేను అడిగేది ఇంతే. ఐడీ కార్డులు, అడ్మిషన్ కాగితాలు మొదటి మ్యాచ్‌కు ముందే చూడండి, సెమీఫైనల్లో కాదు. దొంగ ఆటగాడు దొరికితే ఆ మ్యాచ్ తీసేయండి, తెచ్చిన మనిషిని మూడేళ్లు ఏ కాలేజీ బెంచ్ మీదా కూర్చోనివ్వకండి. తప్పుతో సంబంధం లేని పిల్లలను మాత్రం యూనివర్సిటీ సెలక్షన్ ట్రయల్స్‌కు రానివ్వండి.

మా టీ బంకు దగ్గర ఇప్పటికి నా వైపు ముగ్గురున్నారు. మిగతా పాఠకులు ఏమంటారో వాళ్లను కూడా రాయమనండి.

- ఒక పాత ఆటగాడు, కొర్లగుంట, తిరుపతి