రాయి కోసే కొడుక్కి

చిన్నా,

నిన్న ఫోన్‌లో ఆ మాట చాలా మామూలుగా చెప్పేశావు. చన్నీళ్లలో చేతులు పెడితే రెండు వేళ్లు తెల్లగా పాలిపోతున్నాయని, కాసేపటికి నీలంగా మారి, తర్వాత ఎర్రబడి సర్దుకుంటున్నాయని. అప్పుడు నాకు నోట మాట రాలేదు. రాత్రంతా నిద్రపట్టలేదు. నా వేళ్లకు పెన్ను నిలవదు కాబట్టి నేను చెబుతుంటే అమ్మ రాస్తోంది.

నాకూ అలాగే మొదలైంది.

చలికి వేళ్లు తెల్లబడటాన్ని రేనాడ్స్ అంటారు. అది ఎంతోమందికి ఉంటుంది, ఎక్కువమందికి అక్కడితోనే ఆగిపోతుంది. చేతిలో అదిరే మెషిన్ల వల్ల కూడా వస్తుంది. అందుకని టెన్షన్ పడకు. అలాగని వదిలెయ్యకు కూడా. నేను వదిలేశాను. తర్వాత వేళ్లు ఉబ్బాయి, చర్మం బిగుసుకుపోయింది, మెట్లెక్కితే ఆయాసం. చివరికి దాని పేరు స్క్లెరోడెర్మా అని, చర్మంతో పాటు లోపలి అవయవాలూ గట్టిపడే జబ్బని తెలిసింది. అంతకుముందు చూపించుకున్న చోట ఎవరూ నా పని గురించి అడగలేదు. జబ్బు పేరు చెప్పిన డాక్టరుగారు మొట్టమొదట అడిగింది అదే.

రాళ్లు చెక్కేవాళ్లలో ఈ జబ్బు కనిపిస్తోందని స్కాట్లాండ్‌లో బ్రామ్‌వెల్ అనే డాక్టరు 1914లోనే రాశారట. 1957లో దక్షిణాఫ్రికా బంగారు గనుల కార్మికుల్లో ఎరాస్మస్ అనే ఆయన ఇదే గమనించారు. అంత పాత సంగతి ముప్పై ఏళ్ల రాతి పనిలో ఒక్కరూ నా చెవిన వెయ్యలేదు. ఆ బాధ నాకింకా పోలేదు.

రాతి పొడిలో ఉండే సిలికా కంటికి కనిపించనంత సన్నగా ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది. అక్కడ చెత్తను మింగి శుభ్రం చేసే కణాలు దాన్ని మింగుతాయి గానీ అరిగించుకోలేవు. అవి చచ్చిపోతే ఆ పొడి మళ్లీ బయటపడుతుంది, ఇంకో కణం మింగుతుంది. ఏళ్ల తరబడి ఆ మంట ఆరదు. కొందరి ఒంట్లో రోగనిరోధక వ్యవస్థ ఆ గొడవలో తన పర భేదం మరిచిపోయి సొంత శరీరం మీదే పడుతుంది. ఇలాగే సొంత శరీరం మీద పడే లూపస్‌కీ, రుమటాయిడ్ కీళ్లవాతానికీ కూడా ఈ పొడితో సంబంధం కనబడింది.

కొందరికే ఎందుకు? నా పక్కన అదే దుమ్ము పీల్చినవాళ్లలో చాలామందికి ఈ జబ్బు లేదు. పుట్టుకతో వచ్చే జన్యువులు, పీల్చే గాలి, ఇంకా ఎన్నో కలవాలట. నా ఒక్కడి విషయంలో ఇదే కారణమని ఎవరూ తేల్చి చెప్పలేరు. జన్యువుల్ని మనం మార్చలేం చిన్నా, దుమ్మును ఆపగలం. సిగరెట్ కూడా మానెయ్. పొగ ఊపిరితిత్తుల్లోని ప్రొటీన్ల రూపు మారుస్తుంది, కొందరి శరీరం వాటిని పరాయివనుకుని యాంటీబాడీలు తయారుచేస్తుంది. రుమటాయిడ్ కీళ్లవాతం ముప్పు అలా పెరుగుతుంది.

నీ పని నా పనికన్నా ప్రమాదం. నువ్వు కోసే, ఫ్యాక్టరీలో తయారైన క్వార్ట్జ్ పలకల్లో సిలికా 90 శాతం దాటి ఉంటుంది, మామూలు గ్రానైట్‌లో అంతకన్నా చాలా తక్కువ. ఆ పలకల్ని ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి నిషేధించింది, ముఖ్యంగా సిలికోసిస్ వల్ల, అంటే ఈ పొడితో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు వల్ల. నీళ్లు పోయకుండా కోయమంటే కోయనని చెప్పు. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే సరిపోదు, ముఖానికి బిగుతుగా పట్టే రెస్పిరేటర్ కావాలి. దుమ్మును పొడిగా ఊడవకు, తడిపి తీయి. పని బట్టలు మార్చుకున్నాకే పాపను ఎత్తుకో.

రుమటాలజిస్ట్ దగ్గరికి, అంటే ఇలాంటి జబ్బులు, కీళ్లవాతం చూసే డాక్టరు దగ్గరికి వెళ్లు. శరీరం తన మీదే తిరగబడే యాంటీబాడీలు ఉన్నాయేమో చూసే ఏఎన్ఏ రక్తపరీక్ష చేస్తారు, గోరు మొదట్లోని సన్నని రక్తనాళాల్ని భూతద్దం లాంటి దానితో చూస్తారు. అడగకపోయినా నీ పనేమిటో, ఎన్నేళ్లుగా చేస్తున్నావో చెప్పు. అపాయింట్‌మెంట్ ఏ రోజో నాకు చెప్పు, నేనూ వస్తాను.

మీ నాన్న