పిన్నికి ఆపరేషన్ ఎందుకు వద్దన్నారంటే

ఏమే,

రాత్రి ఫోన్‌లో నువ్వు అలా ఏడుస్తుంటే ఒక్క మాటా సరిగ్గా చెప్పలేకపోయాను. తర్వాత నిద్ర పట్టలేదు, అందుకే ఈ ఉత్తరం. తీరిగ్గా చదువు, తమ్ముడికి కూడా చదివి వినిపించు.

"రొమ్ములో గడ్డ చేతికి తగులుతోందే! దాన్ని తియ్యకుండా మాత్రలిచ్చి పంపించారు. అంటే అమ్మ మీద ఆశ వదిలేసుకున్నట్టేగా?" అన్నావు. మా అక్కకీ పిన్నిలాగే రొమ్ము క్యాన్సర్ నాలుగో స్టేజ్, అంటే వేరే చోట్లకీ పాకింది అని తెలిసిన రోజు నేనూ అచ్చం ఇదే అన్నాను, డాక్టర్ గారి గదిలోనే, కాస్త గట్టిగా. ఆయన కోప్పడలేదు. పెట్ స్కాన్ తెర మీద పెట్టి, వెన్నెముకలో వెలుగుతున్న చుక్కల్ని పెన్నుతో ఒక్కొక్కటే చూపించారు. "ప్రాణానికి ముప్పు రొమ్ములో ఉన్న గడ్డతో కాదమ్మా, వీటితో. అక్కడ కోస్తే ఇవి పోవు. ఒంట్లో ఎక్కడున్నా వెళ్లి పట్టుకునేది మందొక్కటే" అన్నారు.

నీకు వచ్చిన ఆలోచనే ఒకప్పుడు డాక్టర్లకూ వచ్చిందట. 2002లో అమెరికాలో 16 వేల మందికి పైగా ఇలాంటి ఆడవాళ్ల రికార్డులు తిరగేస్తే, గడ్డ తీయించుకున్నవాళ్లే ఎక్కువ కాలం బతికినట్టు కనబడింది. అయితే ఆపరేషన్‌కి ఎవరిని ఎంచుకుంటారు? వయసు తక్కువవాళ్లని, ఒంట్లో ఓపిక ఉన్నవాళ్లని, జబ్బు తక్కువ చోట్లకి పాకినవాళ్లని. వాళ్లు ఎలాగూ ఎక్కువ కాలమే ఉంటారు. మరి ఆ బతుకు కత్తి వల్ల వచ్చిందా, వాళ్ల స్థితి వల్లా? తేలాలంటే చీటీలు వేసినట్టు సగం మందికి ఆపరేషన్ చేసి, సగం మందికి చెయ్యకుండా చూడాలి.

ఆ పని మన దేశంలోనే జరిగింది, ముంబై టాటా మెమోరియల్‌లో. 2005 నుంచి 2013 దాకా, కీమోకి గడ్డ తగ్గిన 350 మందిని అలా రెండు జట్లు చేశారు. ఆపరేషన్ అయినవాళ్లలో సగం మంది బతికిన కాలం 19.2 నెలలు, కానివాళ్లలో 20.5 నెలలు. తేడా లేదన్నమాట. ఈ నెలలు చూసి కంగారుపడకు. ఇప్పుడున్న మందులు అప్పుడు లేవు, హెర్-టూ అనే ప్రొటీన్ ఎక్కువున్న రకం క్యాన్సర్‌కిచ్చే మందు కూడా వాళ్లలో చాలామందికి అందలేదు. ఆ 350 మంది ఏ ఊళ్లవాళ్లో, ఎవరి అమ్మలో, ఎవరి అక్కలో! "నాకు ఏ చీటీ వచ్చినా సరే" అని ఒప్పుకున్నారు. వాళ్లని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది.

ఆ తర్వాత అమెరికాలో 256 మందితో చేశారు. మూడేళ్లకి రెండు జట్లలోనూ 68 శాతం మంది బతికే ఉన్నారు. తర్వాత జపాన్‌వాళ్లు చెప్పిన ఫలితమూ అదే దారి. ఒక్క టర్కీలో మాత్రం ఆపరేషన్ ముందు చేసిన జట్టు ఐదేళ్ల దగ్గర మెరుగ్గా ఉంది. తమ్ముడు నెట్‌లో చూసి నీకు పంపింది అదే అయ్యుంటుంది. కానీ ఆ జట్టులో హార్మోన్ పాజిటివ్ (అంటే ఆడ హార్మోన్లతో పెరిగే) రకంవాళ్లు, ఎముకలకి మాత్రమే పాకినవాళ్లు ఎక్కువమంది పడ్డారు. వాళ్లు ఎలాగూ ఎక్కువ కాలం ఉండేవాళ్లే. అంటే మళ్లీ ఆ పాత చిక్కే.

"వెంటనే తీసేద్దాం, ప్యాకేజీ ఇంత" అన్న ఆ రెండో ఆసుపత్రి మాట నమ్మి తమ్ముడు పొలం బేరం పెట్టాడన్నావు. ఆపమను. ఆ గాయం మానేదాకా మందు ఆగిందంటే వెన్నులో ఉన్నది ఆగుతుందా? ఆ డబ్బు రేపు మందులకీ స్కాన్లకీ కావాలి.

అలాగని ఆపరేషన్ ఎప్పటికీ వద్దనడం లేదు. మా అక్క సంగతి నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. రెండేళ్లు మాత్రలతో బాగానే ఉంది, వంట చేసింది, మనవడి అన్నప్రాశనకి వెళ్లొచ్చింది. తర్వాత గడ్డ పగిలి పుండైంది. రసి, వాసన. పొద్దున లేస్తూనే గదిలో సాంబ్రాణి వేసుకునేది. భక్తి అనుకున్నాం. వాసన మాకు తెలియకూడదని అని తెలిశాక నేను పెరట్లోకి వెళ్లి ఏడ్చాను. మాతో కూర్చుని తినడం మానేసింది, పిల్లాడు దగ్గరికొస్తే పక్కకి తిరిగేది. డాక్టర్ చెప్పినట్టు మెట్రోనిడజోల్ మాత్ర పొడి చేసి పుండు మీద చల్లి కట్టు కట్టేదాన్ని, కాస్త తగ్గేది. చివరికి అప్పుడు వద్దన్న సర్జన్ గారే ఆపరేషన్ చేశారు. "ఆయుష్షు పెంచడానికి కాదమ్మా, ఉన్నన్నాళ్లు హాయిగా ఉండటానికి" అని ముందే చెప్పారు. కుట్లు విప్పిన వారానికి పిల్లాణ్ని ఆ పక్కనే పడుకోబెట్టుకుని నిద్రపోయింది. సాంబ్రాణి పొట్లం సగం అలాగే మిగిలిపోయింది.

అమెరికాలో ఆ 256 మంది లెక్కల్లోనూ ఇది కనబడుతుంది. ఆపరేషన్ లేనివాళ్లలో మూడేళ్లలో 40 శాతం మందికి రొమ్ము దగ్గర జబ్బు ముదిరింది, చేయించుకున్నవాళ్లలో 16 శాతం మందికే. కాబట్టి పిన్ని స్నానం చేసేటప్పుడు ఒక్కసారి చూస్తుండు. చర్మం ఎర్రబడినా, పలచబడి మెరుస్తున్నా, చెమ్మ కనిపించినా ఆ రోజే ఫోన్ చెయ్యి. రేడియేషన్‌తో కూడా రక్తం కారడం, నొప్పి తగ్గుతాయి, అదీ అడగాలి.

పిన్నిది హార్మోన్ పాజిటివ్, ఎముకలకే పాకింది అన్నావుగా. హార్మోన్‌ని తగ్గించే లెట్రోజోల్, దానితో పాటు క్యాన్సర్ కణాలు పెరగకుండా ఆపే పాల్బోసిక్లిబ్ మొదలుపెట్టారంటే అది వదిలెయ్యడం కాదే, అదే అసలు వైద్యం. పాల్బోసిక్లిబ్ 21 రోజులు వేసి 7 రోజులు ఆపాలి, లెట్రోజోల్ మాత్రం రోజూ. ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు దీంతో తగ్గుతాయి, రక్తపరీక్ష తప్పించకండి. జ్వరం వస్తే ఇంట్లో పారాసిటమాల్ వేసి ఊరుకోవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

గురువారం పొద్దున బస్సుకి వస్తున్నాను. బయాప్సీ రిపోర్టు, స్కాన్ సీడీ ఒక కవర్లో పెట్టి ఉంచు, ఇద్దరం కలిసే డాక్టర్ దగ్గరికి వెళ్దాం. పిన్నికి గోంగూర పచ్చడి తెస్తున్నాను, కారం తగ్గించే చేశాను. నోరు పూసిందేమో అడిగి చెప్పు, పూస్తే పెరుగన్నంలోకి వేరే ఏదైనా చేస్తాను.

నీ
నేను